తొవ్వ

నల్లమలలో అమ్రాబాద్ గుట్టల మీద ఓ పెంట, అంటే చెంచుల గూడెం. పొద్దున్నే జీపొచ్చి ఆగింది. దిగిన అధికారి చేతిలో పటముంది గానీ తొవ్వ దొరకలేదు. పెంట పెద్దాయనను పిలిచి ముందు నడవమన్నాడు.

అది 2019. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం వెదకడానికి కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్న ఏడాది. నాలుగు వేల బోర్లు దింపుతారని విని పెంటల్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. అయినా గుడిసె ముందుకొచ్చిన మనిషిని కాదనలేక పెద్దాయన కర్ర పట్టుకుని బయల్దేరాడు.

పోతూ పోతూ అన్నీ చూపించాడు. ఈ చెలిమెలో ఎండాకాలమూ నీళ్లుంటాయి. ఆ పొదల్లో ఎలుగుబంటి తిరుగుతుంది, పక్కనుంచి పోదాం. ఒక కొండచరియ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. తేనె కోసం తాడేసుకుని చరియ దిగేటప్పుడు పైన తాడు పట్టేది బావమరిదేనట. తోడబుట్టినదాని బతుకు ఆ తాడుకే వేలాడుతుంది, చెయ్యి జారనివ్వడు. తేనెపట్టు మొత్తం కోయరు, ఈగల పాలు ఈగలకు వదిలేస్తారు. ఏ చరియ ఏ ఇంటివాళ్లదో పెంటలో పసిపిల్లలకూ తెలుసు.

చీకటి పడే వేళకు తిరిగొచ్చారు. అధికారి నీళ్లు తాగి మెత్తగానే చెప్పాడు.

"చూడు పెద్దాయనా, ఇదంతా సర్కారు అడవి. మీదని చెప్పడానికి కాగితం ఏదన్నా ఉందా?"

కెనడా మంచుసీమలో ఇన్యూట్ ఆదివాసులకూ ఇదే ప్రశ్న ఎదురైంది. 1970లలో వాళ్ల వేటగాళ్లు తాము తిరిగిన తొవ్వలన్నీ, క్యారిబూ జింకలకూ సీళ్లకూ పోయిన చోట్లన్నీ గుర్తు చేసుకుని పటాలకెక్కించారు. ఆ గీతలే సాక్ష్యమయ్యాయి. 1993లో భూమి ఒప్పందం కుదిరి దాదాపు మూడున్నర లక్షల చదరపు కిలోమీటర్లు వాళ్ల సొంతమైంది. 1999 ఏప్రిల్ 1న, వాళ్లే అత్యధికులైన ప్రాంతం నూనవుట్‌కు సొంత ప్రభుత్వం వచ్చింది. అక్కడి బేకర్ లేక్ దగ్గర యురేనియం గని పెడతామన్న కంపెనీకి 2016లో అనుమతి దక్కలేదు.

పెద్దాయనకు ఈ సంగతులేవీ తెలియవు. అధికారి చేతిలోని పటాన్నీ, ముళ్లు గీరుకుపోయిన ఆయన బూట్లనూ చూశాడు.

"అడవి మీదే అంటున్నరు గద సారూ, మరి పొద్దుగాల సంది తొవ్వ నన్నెందుకు అడిగిండ్రు?"

ఆ 2019లోనే సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. మంచిదే, కానీ అంతటితో సరిపోదు. చెంచుల వంటి ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతం మీద హక్కుందని 2006 అటవీ హక్కుల చట్టమే చెబుతోంది. సర్కారు ఆ కాగితాన్ని పెంట పెంటకూ తెచ్చి ఇవ్వాలి.