బ్రేకింగ్ విలేకరి

గణపవరం నుంచి కొల్లేటి లంకల దాకా విలేకరికైనా, బ్లాగరుకైనా ఇప్పుడు కలం కన్నా బొటనవేలే ముఖ్యం. సోషల్ మీడియాను సమర్థంగా వాడటంలో మొదటి సూత్రం, అందరికన్నా ముందు ‘బ్రేకింగ్’ అనడం. ఏం బ్రేకయిందో తర్వాత చూసుకోవచ్చు.

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. వందల మంది ఆస్పత్రిలో చేరారు. కారణం వాట్సాప్ గ్రూపుల్లో గంటలోనే తేలిపోయింది: ఒకరు నీళ్లన్నారు, ఒకరు దోమల మందన్నారు, ఇంకొకరు బ్లీచింగ్ అన్నారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పడానికి ఢిల్లీ ఎయిమ్స్‌కు పరీక్షలు కావలసి వచ్చాయి. పాపం, వాళ్లకు గ్రూపు లేదు కాబోలు.

రెండో సూత్రం వానాకాలానిది. బుడమేరు వాగు పొంగితే ఏ దేశపు వరద వీడియో అయినా కొల్లేటిదే అవుతుంది. అందులో కొబ్బరిచెట్టు ఒకటి కనబడితే చాలు, ఊరి పేరు కూడా పెట్టేయవచ్చు.

మూడోది సవరణ. తప్పు ఎర్రక్షరాల్లో, సవరణ డిలీట్ బటన్‌లో.

వీడియో ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగే పద్ధతి కూడా ఒకటుంది. లంకలోని తెలిసినవారికి ఒక ఫోన్, గూగుల్ లెన్స్‌లో ఒక వెతుకులాట. రెండూ కలిపి అయిదు నిమిషాల పని. విలేకరులూ, ఆ అయిదు నిమిషాలూ ఆగండి.