బుధవారం మౌనవ్రతం

మీతో చెప్పుకుంటే తప్పేముంది, ఆరు నెలలుగా నేను విశాఖ బీచ్ రోడ్డు మీద పరిగెడుతున్నాను. పరిగెడుతున్నానని నేనంటాను. "మీ ఆయన నడకకి వెళ్ళారా?" అని పక్కింటివాళ్ళు అడిగితే మా ఆవిడ "ఆఁ" అంటుంది. సరిదిద్దదు.

ఐదు కిలోమీటర్లు, 48 నిమిషాలు. పొద్దున్నే బళ్ళు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా మనదే. నేనూ మానలేదు, వేగమూ పెరగలేదు. అయినా సంతోషంగానే ఉండేవాణ్ణి, పంచె కట్టిన ఓ పెద్దాయన నన్ను దాటేదాకా. దాటితే దాటాడు, ఫోనులో కొడుకుతో ఇంటి పన్ను సంగతి మాట్లాడుతూ దాటాడు. పైగా ఆయన నడుస్తున్నాడు.

ఆ రాత్రి పట్టుదలగా కూర్చుని ఎమిల్ జాటోపెక్ గురించి చదివాను. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన మహానుభావుడు. మారథాన్ పరిగెత్తడం ఆయనకి జీవితంలో అదే మొదటిసారి. 400 మీటర్లు గట్టిగా లాగించడం, కాస్త ఊపిరి తీసుకోవడం, మళ్ళీ లాగించడం, ఇదీ ఆయన సాధన. పరిగెత్తేటప్పుడు ఎవరో పీక నొక్కుతున్నట్టు మొహం పెట్టేవాడట. మొహం నాకు ముందే వచ్చేసింది, ఇక రావలసినవి కాళ్ళే కదా అనుకున్నాను.

ఇదంతా చెబితే మా ఆవిడ దోసె తిరగేస్తూ వింది. "మరి వాళ్ళావిడో?" అంది.

ఇరుక్కుపోయాను. ఆవిడ డానా. ఆయన 5,000 మీటర్లు గెలిచిన రోజే తనూ బంగారు పతకం తెచ్చుకుంది. "ఈటె విసిరేది" అన్నాను, గొంతు తగ్గించి. మా ఆవిడ చేతిలో ఉన్న అట్లకాడ కేసి ఓసారి చూసుకుంది. ఏమీ అనలేదు.

మర్నాడు కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, కుర్సురా సబ్‌మెరైన్ వైపు ఒకటే ఉరుకు. సగంలో పిక్క పట్టేసింది. కుంటుకుంటూ పోయి సబ్‌మెరైన్ పక్కన కూలబడ్డాను. 2001లో నౌకాదళం నుంచి రిటైరై, ఆ మరుసటేడే మ్యూజియం అయిపోయింది అది. పోయేవాళ్ళు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తుంటే, ఇద్దరికీ కలిపి ఒకటే టికెట్టేమో అనిపించింది.

ఆటోలో ఇల్లు చేరాను. "పరుగెత్తి వెళ్ళి ఆటోలో వచ్చారా? రేపట్నుంచి వెళ్ళేటప్పుడు కూడా ఆటోయే ఎక్కండి. పెందలాడే వచ్చి పాలైనా కాస్తారు" అంది మా ఆవిడ, కొబ్బరినూనె సీసా అందిస్తూ.

అప్పుడు రంగంలోకి దిగింది మా అమ్మాయి. కాలేజీలో ఖోఖో ఆడుతుంది. "ఊపిరి తొందరగా అలవాటు పడుతుంది నాన్నా, మడమ వెనక నరాలకి నెలలు పడుతుంది. నువ్వు ఊపిరి మాట విని వాటిని చంపేస్తున్నావు" అంది. పిక్క తగ్గేదాకా పది రోజులు ఇల్లు కదలనివ్వలేదు. తర్వాత వారానికి ఒక్కరోజు, బుధవారం మాత్రమే వేగం అని తీర్పు చెప్పింది. ముందు పది నిమిషాలు మెల్లగా. తర్వాత ఒక లైటు స్తంభం నుంచి ఇంకో స్తంభానికి జోరుగా, ఆపైన రెండు స్తంభాలు తాపీగా, అలా ఆరుసార్లు. జోరంటే కుక్క తరిమినట్టు కాదు, బస్సు కదులుతుంటే అందుకున్నట్టు. దూరం పెంచిన వారం వేగం జోలికి పోకూడదు. దీన్ని ఫార్ట్‌లెక్ అంటారట. 1930లలో స్వీడన్‌లో పుట్టిందట, వేగంతో ఆట అని అర్థమట. నాకు "లెక్క" అని వినబడి, కాగితం పెన్ను తెచ్చుకున్నాను. నవ్వింది.

"మిగతా రోజులు నెమ్మదే. పరిగెడుతూ మాట్లాడగలగాలి. మాట్లాడలేకపోతే ఎక్కువైనట్టు."

"అది నేను చూసుకుంటాలే" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

చూసుకుంది కూడా. మిగతా రోజుల్లో సరిగ్గా ఆరుంబావుకి ఫోను. రైతు బజారు చీటీ తను చదువుతుంది, నేను పరిగెడుతూ ఆగకుండా అప్పజెప్పాలి. "బీరకాయలు అరకిలో, వంకాయలు కిలో, కరివే..." దగ్గర రొప్పానంటే, "తగ్గించండి" అని పెట్టేస్తుంది. నెమ్మదిగా పరిగెత్తడం ఇంత కష్టమని ఏ జాటోపెక్కూ చెప్పలేదు. పక్కనుంచి జనం దాటిపోతుంటే నేను వంకాయలు వల్లిస్తూ పోవాలి.

అయితే ఒకటి, రెండు నెలలకి 48 నిమిషాలు 43 అయింది. పంచె పెద్దాయన్ని దాటాను. ఆయన చూడలేదు, ఫోనులో ఉన్నాడు.

ఆ గర్వంలో ఒక సంగతి ఆలస్యంగా గమనించాను. మొన్న బుధవారం, నాలుగో స్తంభం దగ్గర, నాలుక బయటపడి ఉండగా ఫోను మోగింది. "మా చెల్లీ వాళ్ళు వేసవి సెలవులకి వస్తామంటున్నారు, పదిహేను రోజులు. రమ్మననా?" నేను "హహ్... హహ్..." అన్నాను. "సరే, మౌనం అర్ధాంగీకారం, మిగతా సగం నాది" అని పెట్టేసింది. అంతకు ముందు బుధవారం ఇలాగే కొత్త ఫ్రిజ్ ఖాయమైంది.

బుధవారాన్ని శనివారానికి మార్చమని అమ్మాయిని బతిమాలాను. వేగం రోజు మారిస్తే నరాలకి మంచిది కాదంది. చెబుతున్నప్పుడు అది నా మొహం చూడలేదు, వాళ్ళమ్మ మొహం చూసింది.

రేపు బుధవారం. ఇంట్లో సోఫా మాట వినబడుతోంది.