పునర్జామ సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: “చిరకాలానంతరంబున జామునకు మరలివచ్చువాడు ముందు కోయవలె, పిదప కట్టవలె.”

ప్రతిపదార్థం: చిరకాలానంతరంబున = పెళ్ళి, ఉద్యోగం, ఈఎంఐల పిమ్మట; జామునకు = ఇచ్చిన థీమ్ మీద, ఇచ్చిన గడువులో వీడియో గేమ్ తయారుచేసే గేమ్ జామ్‌కు; మరలివచ్చువాడు = పాత లాప్‌టాప్ దుమ్ము దులిపినవాడు; కోయవలె = అనుకున్న ఫీచర్లలో ముప్పాతిక వదిలెయ్యాలి; కట్టవలె = మిగిలిన పాతిక పూర్తిచెయ్యాలి. జామపండని అర్థం చెప్పినవారిని మన్నించి వదిలేద్దాం. రాత్రి జాము అన్నవారిని మాత్రం తోసిపుచ్చలేం. 2002 నుంచి సాగుతున్న లూడమ్ డేర్ అనే గేమ్ జామ్‌లో ఒంటరి పోటీకిచ్చే 48 గంటలు లెక్కకు సరిగ్గా పదహారు జాములు.

తాత్పర్యం: ఏళ్ళ ఎడబాటులో తుప్పు పట్టేది పనిముట్లకే. ఏది అక్కర్లేదో గుర్తుపట్టే తెలివి ఈలోగా పదునెక్కుతుంది. కాబట్టి తిరిగొచ్చినవాడు కొత్తవాడికి తీసిపోడు.

విశేషం: దీనిపై మొదటి ఆక్షేపం, లోకమే మారిపోయిందని. నిజమే. 2020 చివర్లో అడోబి ఫ్లాష్‌కు మంగళం పాడింది. 2023 సెప్టెంబరులో గేమ్ ఇంజిన్ యూనిటీ ఇన్‌స్టాల్‌కింత అని రుసుము ప్రకటించి, గగ్గోలు రేగాక మరుసటేడు రద్దు చేసుకుంది. ఆ సందులో చాలామంది గోడో అనే మరో ఇంజిన్‌కు మారారు. ఆ గోడో కూడా నాలుగో వెర్షన్‌లో పేర్లు మార్చేసింది. నిన్నటి కైనమాటిక్‌బాడీ2డి నేడు క్యారెక్టర్‌బాడీ2డి, ‘యీల్డ్’ ఉన్నచోట ‘అవెయిట్’. పాత కోడ్ తెరిస్తే తెరంతా ఎర్రబారుతుంది. అయితే ఇవన్నీ ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చే సంగతులు. గోడకు తగిలిన బొమ్మ ఆగాలన్న లెక్క ఏ వెర్షన్‌లోనూ మారలేదు.

రెండో ఆక్షేపం ముత్యంపేటలో పుట్టదగ్గది: అక్కడ 2015 డిసెంబరులో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీని చూసినవాళ్ళు, ఏళ్ళకేళ్ళు ఆగింది మళ్ళీ తిరుగుతుందా అంటారు. పోలిక బరువైనదే గానీ ఇక్కడ అతకదు. ఫ్యాక్టరీ కదలాలంటే సర్కారు, పెట్టుబడి, యాజమాన్యం అన్నీ కదలాలి. జామర్‌కు తానే యాజమాన్యం, తానే కార్మికుడు. హైదరాబాద్ బస్సెక్కే పని కూడా లేదు, కోరుట్లలో కూర్చునే ఇచ్.ఐఓ సైట్‌లో గేమ్ ఎక్కించవచ్చు.

ఇక నిద్ర. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళతో పాటు మేల్కోలేమన్నది గట్టి ఆక్షేపమే. కానీ మేల్కొన్న గంటలే గేమ్‌ను గట్టెక్కిస్తాయా? ‘సెలెస్ట్’ అనే గేమ్ సంగతి చూడండి. 2015లో మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ నాలుగు రోజుల్లో పికో-8 అనే బుల్లి గేమ్ వేదిక మీద దాని మొదటి రూపం కట్టారు. తెర 128 పిక్సెళ్ళ చదరం, రంగులు పదహారు. దూకడం, గోడను తన్ని ఎగరడం, గాల్లో దూసుకుపోవడం, అంతే. థోర్సన్ అప్పటికి ‘టవర్‌ఫాల్’ విడుదల చేసి ఆరితేరిన మనిషి. కోత విలువ తెలిసిన చెయ్యి అది. ఆ చిన్న గేమే పెరిగి పెద్దదైతే 2018లో లోకమంతా ఆడింది. అన్నట్టు, లూడమ్ డేర్‌లోనే జట్లకు 72 గంటల విభాగముంది. అందులో పడుకోకూడదన్న నియమం లేదు.

సూత్రంలో లేని సంగతొకటి ఉంది. థీమ్ ప్రకటించకముందే ఖాళీ ప్రాజెక్టును ఎగుమతి చేసి, ఎక్కించి చూసుకోవాలి. గోడోలో ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు విడిగా దింపుకోవాల్సినవి. ఆ సంగతి చివరి అరగంటలో తెలిస్తే పదహారు జాముల శ్రమా లాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. సూత్రకారుడు దీన్నెందుకు వదిలేశాడో వ్యాఖ్యాతలకు అంతుపట్టలేదు. బహుశా ఆయన గేమ్ కూడా సమర్పణ దాకా రాలేదేమో.