ముందు ‘అనుకొనుము’ రాయండ్రా!

మా రోజుల్లో సంగారెడ్డి బళ్లో సమీకరణం లెక్క ఇస్తే, ముందు దాన్ని సొంత మాటల్లో సారుకు అప్పజెప్పాలి. ఏం తెలుసు, ఏం తెలీదు, ఏం అడుగుతున్నాడు? ఆ తర్వాతే కాగితం మీద కలం. ‘కావలసినది ఎక్స్ అనుకొనుము’ అన్న వాక్యం లేకపోతే జవాబు ఒప్పయినా సున్నానే. కింద ‘సరిచూచుట’ లేకపోతే వీపు విమానం మోత.

ఇప్పుడో? మా మనవడికి ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. మా దగ్గరి అసలు ఐఐటీ 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై ఇప్పుడు కందిలో ఉంది. ఆ పేరు పెట్టుకున్న బోర్డులు మాత్రం పటాన్‌చెరులో సందుకొకటి. వీడు లెక్కకు ఫోను కెమెరా చూపిస్తాడు, అది మెట్లతో సహా జవాబు కక్కుతుంది. ‘ఎట్లొచ్చిందిరా?’ అంటే, ‘అటుది ఇటు తెస్తే గుర్తు మారుతది తాతా’ అంటాడు. ఎందుకు మారుతుందో వాడికి అక్కర్లేదు.

పావులూరి మల్లన శతాబ్దాల కిందటే మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యం విప్పుకుంటే గాని అక్కడ లెక్క మొదలే కాదు. ఇప్పుడంత ఓపిక ఎవరికుంది!

పాత పుస్తకాలను వెనకేసుకురావడం లేదు లెండి. ‘సమవేగముతో పోవుచున్న బస్సు’ అని రాసేవాళ్లు. ఇస్నాపూర్ చౌరస్తాలో సమవేగం చూసినవాణ్ణి నాకు చూపించండి.

మొన్న మా మేడమీద అద్దెకుండే నారాయణఖేడ్ పిల్లగాడు జీతం చీటీ పట్టుకొచ్చాడు. పాశమైలారంలో ఓ కాంట్రాక్టరు కింద పని. ‘కాకా, తక్కువొచ్చినట్టుంది, జర చూడు.’ రోజుకు 8 గంటల చొప్పున 26 రోజులు, పైన 40 గంటల ఓటీ. మాట్లాడుకున్న కూలి రోజుకు 480, అంటే గంటకు 60. కోతలు పోకముందు మొత్తం 14,880.

మనవడు చీటీ మీదికి ఫోను తిప్పాడు. దానికి లెక్కే కనబడలేదు! ‘కూలి ఎక్స్ అనుకుందాం తాతా’ అన్నాడు. కూలి తెలిసిందే కదరా! తెలియనిది ఓటీకి ఎన్ని రెట్లు కట్టాడన్నది. అదీ ఎక్స్.

208 గంటలకు 12,480. ఓటీకి 40 × 60 × ఎక్స్, అంటే 2,400 ఎక్స్. రెండూ కలిస్తే 14,880 కావాలి. ఎక్స్ ఎంత? ఒకటి! వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్న రూలు. ఎక్స్ దగ్గర రెండు పెట్టి చూడండి, 17,280 వస్తుంది. పిల్లగాడికి రావలసినవి ఇంకా 2,400.

మర్నాడు వాడి గదిలోవాళ్లు ముగ్గురు తమ చీటీలతో మెట్లు దిగొచ్చారు. మనవణ్ణి పిలిస్తే, ఫౌండేషన్ క్లాసుకు టైమైందట.