కంపెనీ మార్చని మహాపరాధం

ఈ దేశంలో నేను చేస్తున్న నేరం ఒక్కటే. మా ఇంటికి కరెంటూ గ్యాసూ అమ్మే కంపెనీని ఏటేటా మార్చను. దీనికి పోలీసులు రారు, కోర్టులో కేసు నడవదు. శిక్ష మాత్రం నెలనెలా డైరెక్ట్ డెబిట్ రూపంలో, వాయిదాలు లేకుండా అమలైపోతూ ఉంటుంది.

నేనుండేది ఇంగ్లండులో, లండనుకి పడమరగా ఉన్న రెడింగ్‌లో. ఒకప్పుడు ఇక్కడ మనవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళితే ఇల్లు కొన్నారా, పిల్లలు ఏ స్కూలు అని అడిగేవారు. ఇప్పుడు ప్రసాదం చేతిలో పెడుతూనే "మీది ఫిక్స్‌డా, వేరియబులా?" అంటున్నారు. అంటే కరెంటు, గ్యాసు రేటు కొన్నాళ్లపాటు కదలకుండా కట్టేసుకున్నారా, ఎప్పటికప్పుడు మారేలా వదిలేశారా అని. వేరియబుల్ అన్నామా, రోగం ముదిరాక ఆస్పత్రికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. తర్వాత అరగంట సేపు తాను ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి గెంతి, ఎన్ని పౌండ్లు మిగిల్చాడో చెబుతాడు గృహస్థు. కథలో సాధువు, కట్టెలమ్మేవాడు వచ్చే ఘట్టం ఈ సందట్లోనే కొట్టుకుపోతుంది.

కంపెనీ మార్చుకునే హక్కు ఇక్కడ పాతదే. గ్యాసుకి 1998 నాటికి, కరెంటుకి 1999 నాటికి బ్రిటన్‌లో ఇంటింటికీ ఈ స్వేచ్ఛ వచ్చింది. స్వేచ్ఛ అంటే ఎవరికి చేదు? కాకపోతే కంపెనీ మారినా వీధిలో తీగ మారదు. గోడలో గొట్టం మారదు. మీటరు మారదు. నిన్నటిదాకా ఇడ్లీ ఉడికించిన గ్యాసే ఇవాళా ఉడికిస్తుంది. మారేది బిల్లు మీది బొమ్మ, దాని కింద అంకె.

ఈ ముక్క తెనాలిలో ఉన్న మా మావయ్యగారికి ఫోనులో చెబితే ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే మీ లైన్‌మ్యాన్ ఎవరి మనిషి, అల్లుడుగారూ?" అన్నారు. ఆయన లోకంలో కరెంటంటే డిపార్ట్‌మెంటు. నచ్చినా నచ్చకపోయినా అదొక్కటే. అలాగని అక్కడేదో సుఖం ఉందని కాదు. నెలకి 225 యూనిట్లు దాటితే, పైన కాల్చిన ప్రతి యూనిట్‌కీ ఆరు రూపాయల రేటు పోయి 8.75 పడుతుందని, నెలాఖర్లో ఆయన ఏసీ రిమోట్‌ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. 2022-23లో కాల్చేసిన కరెంటుకి 2024 డిసెంబరు నుంచి ఇంధన సర్దుబాటు చార్జీ కట్టించుకుంటే, ఆ కరెంటుతో ఆనాడు ఏం చూశానో టీవీలో, అదైనా గుర్తులేదే అని వాపోయారు. కానీ ఆయనకో గొప్ప సౌకర్యం ఉంది. తిట్టడానికి మనుషులున్నారు. మీటరు చూడ్డానికి వచ్చిన కుర్రాణ్ణి అడగొచ్చు, ఏఈ గారి ఆఫీసుకి వెళ్లి నిలదీయొచ్చు, ఐదేళ్లకోసారి ఓటు మీద కసి తీర్చుకోవచ్చు. 2000 సంవత్సరంలో కరెంటు చార్జీలు పెంచితే జనం రోడ్డెక్కారు. ఇక్కడ బిల్లు రెట్టింపైనా ఎవరూ రోడ్డెక్కరు. "మీరు రేట్లు పోల్చి చూసుకోలేదా?" అంటారు. అంటే బిల్లు పెరిగిన పాపం కంపెనీది కాదు, సర్కారుది కాదు, కదలకుండా కూర్చున్న నాది.

ఇది నా అనుమానం కాదు, అధికారికంగా తేలిన సంగతి. బ్రిటన్‌లో పోటీ వ్యవహారాలు చూసే సంస్థ పెద్ద విచారణ జరిపి 2016లో నివేదిక ఇచ్చింది. ఆరు పెద్ద కంపెనీల ఖాతాదారుల్లో 70 శాతం మంది కదలకుండా ఖరీదైన మామూలు రేటులోనే పడి ఉన్నారని, పోటీ సరిగ్గా ఉంటే కట్టనక్కర్లేని సొమ్ము జనం ఏటా సగటున 140 కోట్ల పౌండ్లు కడుతున్నారని తేల్చింది. ఇక కంపెనీల పని అయిపోయిందనుకున్నాను. అబ్బే. మూడేళ్లు దాటినా కదలని ఖాతాదారుల పేర్లతో ఒక జాబితా తయారుచేస్తే, పోటీ కంపెనీలు వాళ్లకి ఉత్తరాలు రాసి కదిలిస్తాయని సూచించింది. ఎక్కడైనా పోలీసులు పారిపోయినవాళ్ల జాబితా రాస్తారు. పారిపోనివాళ్ల జాబితా రాయాలన్న ఆలోచన ఇక్కడే చూశాను.

పోనీ మారదామని కూర్చుంటే అదొక ఉద్యోగం, జీతం లేనిది. ముందు మెట్ల కింద అరలోకి దూరాలి. మా ఇంట్లో మీటర్లు అక్కడే ఉంటాయి, వాక్యూమ్ క్లీనరుకీ ఆవకాయ జాడీకీ వెనకాల. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, మోకాళ్ల మీద వంగి అంకెలు చదవాలి. గ్యాసు మీటరు మీద నల్ల అంకెలే తీసుకోవాలి, ఎర్రవి వదిలెయ్యాలి. తెలియక ఎర్రవి కూడా కలిపి పంపితే ఊరంతటికీ సరిపడా గ్యాసు కాల్చామని లెక్క వస్తుంది. "ఏమండీ, అక్కడే ఉన్నారుగా, ఆ జాడీ ఇలా ఇవ్వండి" అని మా ఆవిడ. ఈలోగా కంప్యూటరు తెర మీద పోల్చి చూపించే సైటు అడుగుతూ ఉంటుంది: ఏడాదికి ఎన్ని కిలోవాట్ అవర్లు కాలుస్తారు? కరెంటు సరఫరాకి మీ 13 అంకెల సంఖ్య ఏది? గ్యాసుకి వేరే సంఖ్య ఉంటుంది, అదేది? ఒప్పందం మధ్యలో వదిలేస్తే ఎగ్జిట్ ఫీజు ఉందా? స్మార్ట్ మీటరు పెట్టించుకుంటే ఈ బాధ తప్పుతుందన్నారు. మొదటి తరం స్మార్ట్ మీటర్లు కంపెనీ మారగానే మూగబోయేవి. మళ్లీ టార్చి, మళ్లీ ఆవకాయ జాడీ.

గ్యాసు బిల్లు లెక్క అయితే ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మీటరు చూపించేది ఘనపు మీటర్లు. బిల్లు వేసేది కిలోవాట్ అవర్లకి. మధ్యలో వంతెన కట్టాలంటే, కాలిన ఘనపు మీటర్లని 1.02264తో హెచ్చవేసి, ఆ రోజుల్లో వచ్చిన గ్యాసులో వేడిని బట్టి దాదాపు 39 చిల్లర ఉండే ఒక అంకెతో మళ్లీ హెచ్చవేసి, వచ్చినదాన్ని 3.6తో భాగించాలి. ఇదంతా బిల్లు వెనకాల చిన్న అక్షరాల్లో పారదర్శకంగా అచ్చేసి ఉంటుంది. నేను ఇంజనీరింగ్ చదివింది బహుశా ఇందుకే.

దీని పైన స్టాండింగ్ చార్జీ ఒకటి. చుక్క కరెంటు కాల్చకపోయినా, ఇల్లు తాళం వేసి నెల్లాళ్లు ఇండియా వెళ్లినా, రోజువారీ కట్టాల్సిందే. ఈ మధ్య ఏళ్లలో కరెంటుకీ గ్యాసుకీ కలిపి రోజుకి 80 పెన్సుల పైమాటే. వాడకపోవడానికి ఇంత ఖర్చయ్యే వస్తువు ఇంకోటి లేదు.

అయినా గెంతేవాళ్లందరూ బాగుపడ్డారా అంటే, 2021 చలికాలం నాటి కథ వినాలి. ఎక్కడెక్కడో పుట్టిన చిన్న కంపెనీలు చవక రేట్లకి జనాన్ని పిలుచుకున్నాయి. అంతర్జాతీయంగా గ్యాసు ధర మండిపోయేసరికి, ముందుగా కొని పెట్టుకోనివి టపటపా రాలిపోయాయి. ఏడాది తిరక్కముందే సుమారు 30 కంపెనీలు మూతపడ్డాయి. వాటి ఖాతాదారుల్ని నియంత్రణ సంస్థ వేరే కంపెనీలకి అప్పగించింది. ఆ అప్పగింతల ఖర్చు ఇంటికి సుమారు 94 పౌండ్ల చొప్పున అందరి బిల్లుల్లోనూ పడుతుందని 2022లో జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క కట్టింది. అందరిలో నేనూ ఉన్నాను. ఎన్నడూ కంపెనీ మార్చనివాణ్ణి, మార్చినవాళ్ల కర్మ కూడా మోశాను. మారకపోతే ఒక జరిమానా, ఎవరో మారితే ఇంకో జరిమానా!

అప్పటికే ధరల మీద పరిమితి అమల్లో ఉంది, 2019 నుంచి. సగటు ఇంటికి ఏడాదికి 2021 అక్టోబరులో 1,277 పౌండ్లుగా ఉన్న ఆ పరిమితి, 2022 ఏప్రిల్‌కి 1,971కి, అక్టోబరుకి 3,549కి ఎగబాకింది. ప్రభుత్వమే అడ్డుపడి దాన్ని 2,500 దగ్గర ఆపింది. ఆ అంకె విని మావయ్యగారు, "అయితే 2,500 దాటాక ఎంత కాల్చినా ఉచితమేనన్నమాట" అని సంతోషించారు. కాదు మావయ్యగారూ, పరిమితి బిల్లుకి కాదు, యూనిట్ రేటుకీ స్టాండింగ్ చార్జీకీ, అని చెప్పాల్సి వచ్చింది. ఆయన్ని అని ఏం లాభం, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే చాలామంది అలాగే అనుకున్నారు. ఇక 2022 మార్చి 31న, రేపటి నుంచి రేటు పెరుగుతుంది కాబట్టి పాత రేటుకే లెక్క కట్టించుకుందామని దేశమంతా మెట్ల కింద దూరి ఒకేసారి రీడింగులు పంపితే, కంపెనీల సైట్లు కుప్పకూలాయి. ఆ రోజుల్లో మారదామన్నా మారడానికి చవక రేటు ఎక్కడా లేదు. అన్ని కంపెనీలూ పరిమితి దగ్గరే వరుసగా నిలబడ్డాయి. వ్రతాల్లో ఫిక్స్‌డా వేరియబులా అని అడగడం ఆపేశారు. కథ మొత్తం వినే భాగ్యం కలిగింది.

ఇప్పుడు మళ్లీ రేట్లలో తేడాలు వచ్చాయి, ఉత్తరాలూ వస్తున్నాయి, ప్రసాదం దగ్గర ప్రశ్నలూ మొదలయ్యాయి. అందుచేత నియంత్రణ సంస్థవారికి ఇందుమూలంగా చేసుకునే మనవి: నన్ను మారమని బతిమాలవద్దు. నేను మారను. మారనివాడి దగ్గర అదనంగా గుంజే సొమ్ముని మాత్రం యూనిట్ రేటులో కలిపి దాచకుండా, బిల్లులో వేరే వరుసలో "బద్ధకం రుసుము" అని అచ్చు వేయించండి. దాని మీద కూడా మామూలుగా 5 శాతం వ్యాట్ వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు.