సంతకానికి ముందు చెవిన పెట్టకూడని సలహాలు

"బీఈడీ చదివినదానివి, నిన్నెవరు మోసం చేస్తారమ్మా?"

అనంతపురం నుంచో కదిరి నుంచో దుబాయికి పార్ట్ టైం ఇంగ్లిష్ టీచరుగా బయల్దేరే అమ్మాయికి అందరికంటే ముందు వినపడే మాట ఇదే. చెప్పేవాళ్ల మనసు మంచిదే, సలహా మాత్రం తలకిందులు. పదో తరగతి దాటని ఆడమనిషి ఇంటిపనికి కువైట్ పోవాలంటే ఆమె పాస్‌పోర్టు వలస తనిఖీ తప్పనిసరి అనే ఈసీఆర్ కిందకి వస్తుంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం ఆమెకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. వయసు 30 నిండి ఉండాలి. యజమాని ఎవరో, జీతమెంతో ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి. 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా ఉండాలి. ఇన్ని ఉన్నా ఆ దారిలో కన్నీళ్లు ఆగలేదు. అయినా కనీసం ఒక ప్రభుత్వ ఉద్యోగి ఆమె కాంట్రాక్టును కంటితో చూస్తాడు.

పది పాసైతే చాలు, పాస్‌పోర్టు ఆ తనిఖీ అక్కర్లేని ఈసీఎన్ఆర్ అవుతుంది. అంటే డిగ్రీ, బీఈడీ చేసిన టీచరమ్మ కాంట్రాక్టును మన దేశంలో ఏ అధికారీ చదవడు. ఈసీఎన్ఆర్ వాళ్లు కూడా 18 దేశాలకు ఉద్యోగానికి పోయేముందు తప్పనిసరిగా నమోదు చేసుకోవాలని కేంద్రం 2018 నవంబరులో చెప్పింది. విమర్శలు రాగానే అదే నెలలో వెనక్కు తగ్గింది. ఇష్టముంటే చేసుకునే వీలు మాత్రం మిగిలింది. కాబట్టి చదువు మీకు రక్షణ ఇవ్వలేదు, ఉన్న రక్షణను తీసేసింది. ఆ కాగితాన్ని చదవాల్సిన అధికారి ఇప్పుడు మీరే.

సంతకం పెట్టే తొందర ఎందుకు పుడుతుందో నాకు తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మన అనంతపురం. అది కూడా పడాల్సినప్పుడు పడదు. వేరుశనగ ఊడలు దిగే వేళకు నెల రోజులు మొగం చాటేస్తే పంటా పాయె, బంగారం మీద తెచ్చిన లోనూ మిగిలిపాయె. ఊళ్లో ప్రైవేటు స్కూలు జీతం పది, పన్నెండు వేలు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు, రానివాళ్లు అంతకు ఎన్నో రెట్లు మిగిలారు. ఇంట్లో వడ్డీ పెరుగుతుంటే దుబాయి కాగితం మీద సంతకం పెట్టొద్దని నేను అనను. చదివి పెట్టమంటున్నాను.

ఈ జిల్లాలో రెండెకరాల మెట్ట కొనేవాడు కూడా చెక్కుబందీ నాలుగు దిక్కులూ సరిచూసుకోనిదే అడ్వాన్సు ఇవ్వడు. అడంగల్ తీస్తాడు, ఈసీ తీస్తాడు, పక్క పొలమాయన్ను పిలిచి గట్టు చూపించమంటాడు. ఉద్యోగ కాంట్రాక్టుకూ నాలుగు హద్దులున్నాయి: యజమాని ఎవరు, వీసా ఎవరిది, గంటలెన్ని, బయటికొచ్చే దారేది. కింద రాసిన సలహాలన్నీ ఈ హద్దుల్లో ఏదో ఒకదాన్ని చెరిపేవే.

"పార్ట్ టైమే కదా, అంత చూసేదేముంది!" అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాట. నిజానికి ఫుల్ టైం కంటే పార్ట్ టైం కాగితాన్నే ఎక్కువ చూడాలి. నెల జీతం ఉన్నచోట పాఠం జరిగినా జరక్కపోయినా డబ్బు వస్తుంది. గంటల లెక్క ఉన్నచోట ప్రతి పదానికీ డబ్బు విలువ ఉంటుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. గంటకు 60 దిర్హాములు, వారానికి "అప్ టు 20 అవర్స్" అని రాశారనుకోండి. ఏజెంటు వెంటనే ఫోను తీసి లెక్క చూపిస్తాడు: అరవై ఇరవైల పన్నెండు వందలు, నాలుగు వారాలకు 4,800 దిర్హాములు, మన డబ్బులో లక్ష దాటె! ఇంట్లో వాళ్ల మొహాలు వెలిగిపోతాయి. కానీ ఆ వాక్యం ఇరవై గంటలు ఇస్తామని ఎక్కడా చెప్పలేదు. ఇరవైకి మించి ఇవ్వమని చెప్పింది. రెండు గంటలిచ్చినా కాంట్రాక్టు తప్పినట్టు కాదు. వారానికి 11 గంటలే దొరికితే చేతికొచ్చేది 2,640. అందులో బెడ్ స్పేస్‌కు వెయ్యి, బస్సుకు, తిండికి తీసేస్తే ఇంటికి పంపేదేముంది? ఇక క్లాసుకు ముందు తయారీ, నోట్సు దిద్దడం, తల్లిదండ్రుల సమావేశం గంటల్లోకి వస్తాయా? పిల్లవాడు రాకపోతే ఆ గంట ఎవరి ఖాతాలోకి? జులై, ఆగస్టు సెలవుల్లో స్కూలు మూస్తే ఆ రెండు నెలలు మీ చేతికి ఏమొస్తుంది? ఈ ప్రశ్నలకు కాగితంలో జవాబు లేకపోతే, జవాబు వాళ్లకు అనుకూలంగానే ఉంటుందని లెక్కేసుకోండి. "వారానికి కనీసం ఇన్ని గంటలు, ఇవ్వకపోయినా వాటికి డబ్బు చెల్లిస్తాం" అనే ఒక్క వాక్యం రాయించుకోగలిగితే మిగతా బేరంలో ఎంత వదులుకున్నా నష్టం లేదు.

పార్ట్ టైంలో దాగున్న ఇంకో చిక్కు వీసా. అక్కడ పని చేయడానికి యజమాని పేరు మీద కార్మిక శాఖ ఇచ్చే వర్క్ పర్మిట్ ఉండాలి. భర్త స్పాన్సర్‌షిప్ మీద ఉన్న ఇల్లాలికైనా, ఇంకోచోట ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చెప్పాలనుకునేవారికైనా పర్మిట్ తప్పదు. దుబాయిలో ప్రైవేటు స్కూల్లో పాఠం చెప్పాలంటే అక్కడి విద్యా నియంత్రణ సంస్థ కేహెచ్‌డీఏ ఆమోదం కూడా కావాలి. "రెసిడెన్స్ వీసా ఎవరు తీస్తారు, పర్మిట్ ఖర్చు ఎవరిది, అది రాకముందే క్లాసులకు రమ్మంటారా?" అని రాతపూర్వకంగా అడగండి. యూఏఈ కార్మిక చట్టం, అంటే 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న 2021 నాటి 33వ నంబరు డిక్రీ, నియామకపు ఖర్చును ఉద్యోగి మీద వేయకూడదని చెబుతోంది. అదే చట్టం పార్ట్ టైం కొలువునూ గుర్తించింది. సర్వీసు చివర ఇచ్చే గ్రాట్యుటీ కూడా పనిచేసిన గంటల నిష్పత్తిలో పార్ట్ టైం వాళ్లకు వస్తుంది. అది మూల వేతనం మీద లెక్కిస్తారు కాబట్టి, జీతంలో "బేసిక్" ఎంతో విడిగా రాసి ఉందో లేదో చూడాలి.

"సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్ చెప్పుకో, ఎవరడుగుతారు!" అడుగుతారు. 2023 డిసెంబరు నుంచి అక్కడ ప్రైవేటు ట్యూషన్‌కు పర్మిట్ ఉంది. రెండేళ్లకు ఇస్తారు, రుసుము లేదు. స్కూలు టీచర్లకూ, ఉద్యోగం లేనివాళ్లకూ కూడా దొరుకుతుంది. ఉచితంగా దొరికే కాగితాన్ని వదిలేసి దొంగచాటుగా చెప్పుకోమనే సలహాను నేను క్షమించలేను. అయితే మీ స్కూలు కాంట్రాక్టులో "బయట బోధించరాదు" అనే షరతు ఉందేమో ముందు చూడండి.

"విజిట్ వీసా మీద పో అక్కా, పోయినాక మార్చుకోవచ్చు." ఈ మాట విన్న క్షణమే ఆ ఏజెంటు దగ్గర్నుంచి లేచి రండి. విజిట్ వీసా మీద పని చేయడం నేరం. పట్టుబడితే జరిమానా, దేశబహిష్కారం మీ పేరు మీదే పడతాయి. ఆ రోజు ఏజెంటు ఫోనెత్తడు. థాయ్‌లాండ్ విషయంలో ఈ ప్రమాదం ఇంకా పెద్దది. 2023 నవంబరులో భారతీయులకు వీసా లేని ప్రవేశం ఇచ్చాక "టికెట్ కొనుక్కుంటే చాలు, ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం రెడీ" అనేవాళ్లకు పని సులువైంది. అక్కడ పాఠం చెప్పాలన్నా నాన్ ఇమిగ్రెంట్ బీ వీసా, వర్క్ పర్మిట్ తప్పనిసరి. బ్యాంకాక్‌లో దించి, మే సోత్ వైపు కారెక్కిస్తే అవతల మయన్మార్ మ్యావడి. 2025 మార్చి 10, 11 తేదీల్లో సైబర్ మోసాల కేంద్రాల నుంచి విడిపించిన 549 మంది భారతీయులను వాయుసేన విమానాలు తీసుకొచ్చింది ఆ సరిహద్దు నుంచే. అంతకు ముందు ఏడాది కంబోడియాలో ఇలాగే చిక్కుకున్నవాళ్లలో మన విశాఖ కుర్రాళ్లున్నారు. డేటా ఎంట్రీ అన్నారు, కంప్యూటర్ పని అన్నారు. రేపు ఇంగ్లిష్ టీచింగ్ అని పేరు మార్చడానికి వాళ్లకు ఎంతసేపు పడుతుంది?

"ఏజెంటు మనూరోడే, వాళ్ల నాయన మా నాయన దోస్తులు." కావచ్చు. విదేశీ కొలువులకు మనుషులను పంపేవాడికి కేంద్రం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్‌లో పేరు, నంబరు కొట్టి చూస్తే బయటపడుతుంది. లైసెన్సున్న ఏజెంటైనా తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. దానికి రసీదు ఇవ్వాలి. లక్షన్నర, రెండు లక్షలు అడిగి "సగం ఇప్పుడు, సగం వీసా వచ్చినాక" అనేవాడు ఊరివాడైనా, బంధువైనా, ఆ డబ్బు చట్టం ఒప్పుకున్నది కాదు. సబ్ ఏజెంటు అనే మనిషికి చట్టంలో అసలు చోటే లేదు.

"ఇంగ్లిష్ టీచరువి, ఇంగ్లిష్ కాగితం నీకు ఒకరు చెప్పాలా?" ఇక్కడ మన టీచర్ల అభిమానానికి గుచ్చుకుంటుంది, అందుకే పక్కవాళ్లకు చూపించరు. భాష వేరు, షరతు వేరు. పైగా యూఏఈలో ఇంగ్లిష్ పక్కన అరబ్బీ ప్రతి ఉంటుంది. రెండింటికీ తేడా వస్తే చెల్లేది అరబ్బీయే. కదిరిలో, హిందూపురంలో, అనంతపురంలో మదర్సాల్లో అరబ్బీ చదివిన పెద్దలున్నారు, పదేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చినవాళ్లున్నారు. న్యాయభాష అంతా విప్పి చెప్పలేకపోయినా జీతం అంకె, గంటలు, గడువు రెండు ప్రతుల్లోనూ ఒకటేనా కాదా అని చెప్పగలరు. సంకోచం లేకుండా వెళ్లి అడగండి. ఇంకో సంగతి: ముందు ఇచ్చిన ఆఫర్ లెటర్‌కూ, తర్వాత సంతకం పెట్టే కాంట్రాక్టుకూ తేడా ఉండకూడదు. విమానం దిగాక కొత్త కాగితం ముందు పెట్టి "ఇది ఫార్మాలిటీ" అంటే, ఆ రాత్రే సంతకం పెట్టకండి. ఆఫర్ పక్కన పెట్టి వేలితో వరుస వరుసా పోల్చండి.

"ప్రొబేషన్, నోటీసు అవన్నీ మామూలే" అనేవాళ్లూ ఉంటారు. యూఏఈలో ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఆ గడువులో వాళ్లు తీసేయాలన్నా, మీరు ఉద్యోగం వదిలి దేశం విడిచి రావాలన్నా 14 రోజుల నోటీసు. అదే దేశంలో వేరే యజమాని దగ్గరికి పోవాలంటే నెల. ఏడాది ప్రొబేషన్ అని రాసిన కాగితం చూస్తే మిగతా కాగితాన్నీ అనుమానించాల్సిందే. ఒక స్కూల్లో ఉద్యోగం మానేశాక ఆ ఊళ్లో ఎక్కడా బోధించకూడదనే షరతు కూడా రెండేళ్లు మించి పెట్టడానికి వీల్లేదు.

పాస్‌పోర్టు, ఒరిజినల్ సర్టిఫికెట్లు "స్కూలోళ్ల దగ్గరుంటేనే భద్రం" అన్న మాటకు చర్చ అక్కర్లేదు. ఇవ్వకండి. అక్కడి చట్టం కూడా వాళ్లు ఉంచుకోకూడదనే చెబుతోంది. అటెస్టేషన్ కోసం ఇచ్చినా ఏ తేదీన ఇచ్చారో, ఎప్పుడు తిరిగిస్తారో రాయించుకోండి. జీతం చేతికి నగదుగా ఇస్తామంటే కూడా వద్దనండి. 2009 నుంచి అక్కడ జీతాలు బ్యాంకు ద్వారా పడే పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో పడిన జీతానికి సాక్ష్యం ఉంటుంది.

"ఎక్కువ అడిగితే ఆఫర్ పోతుంది." ఇది వింటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే మన ఆడపిల్లల నోరు కట్టేసేది ఇదే. మర్యాదగా రాసిన నాలుగు వరుసల మెయిల్‌కు పోయే ఆఫర్ ఎవరికీ అన్నం పెట్టేది కాదు. వారానికి కనీస గంటలెన్ని, వీసా, పర్మిట్ ఎవరివి, సెలవుల్లో చెల్లింపు ఉందా, మధ్యలో మానేస్తే ఏమైనా కట్టాలా అని అడగండి. ఫోన్లో చెప్పిన జవాబును "మీరు చెప్పినట్టు" అంటూ తిరిగి మెయిల్లో రాసి పంపండి. నిజాయితీ ఉన్న స్కూలు ఒక రోజులో జవాబిస్తుంది.

సంతకం పెట్టిన కాగితానికి రెండు జిరాక్సులు తీయించి ఒకటి అమ్మానాన్నల దగ్గర, ఒకటి అక్క దగ్గరో అన్న దగ్గరో పెట్టండి. ఫోను పోయినా ఇంటి నుంచి ఎవరో ఒకరు యజమాని పేరు, చిరునామా చదివి చెప్పగలగాలి. ఇంట్లో గోడ మీద రెండు నంబర్లు రాసిపెట్టమనండి: ఇక్కడి నుంచైతే విదేశాంగ శాఖ సహాయ కేంద్రం 1800 11 3090, యూఏఈలో ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 800 46342.