‘రామతీర్థంలో ఈదలేనా?’: సటీకా తాత్పర్యం

మూలం: “నెల్లూరు పూల్లో ముప్పై రౌండ్లు కొడతా ఉండా మామా, రామతీర్థంలో ఈదలేనా?”

అవతారిక: విడవలూరు సెంటర్లో టీ తాగుతూ ఒక డిగ్రీ కుర్రవాడు, బోటు మీద వేటకు పోయే మేనమామతో పలికిన వాక్యమిది. రామతీర్థం ఈ మండలపు సముద్రతీరం. రామలింగేశ్వరుడి గుడి ఉన్న చోటు. టీకా తాత్పర్యాలతో కావ్యాలను అచ్చువేసి ఇంటింటికీ చేర్చిన వావిళ్ల వారి ఇంటిపేరు గల ఊరు కూడా ఈ మండలంలోనే ఉంది. అటువంటి చోట పుట్టిన వాక్యం వ్యాఖ్యానం లేక అనాథగా ఉండరాదని ఈ పూనిక.

టీక: పూల్లో = గోడలు గల నీటియందు; ముప్పై రౌండ్లు = ఇక్కడ వివాదం. గోడ నుంచి గోడకు ఒక రౌండని కొందరు, పోయి వస్తే ఒకటని కొందరు. 25 మీటర్ల కొలనులో మొదటి పక్షానికి 750 మీటర్లు, రెండో పక్షానికి 1,500. కుర్రవాడు రెండో పక్షం. ఏ పక్షమైనా ప్రతి 25 మీటర్లకూ గోడను కాలితో తన్ని ముందుకు దూసుకుపోవడం ఉంది, అది ఒంటికి దక్కే ఉచిత వేగం. కొడతా ఉండా = ఎడతెగని క్రియ అని భ్రమ కలిగించును. నడుమ గట్టు పట్టుకుని గాగుల్స్ సర్దుకోవడం అధ్యాహారం.

రామతీర్థంలో = సప్తమి. ఈ ‘లో’ సాహసం. కొలను ఎక్కడ దిగితే అక్కడే ఉంటుంది, కడలి ఉండదు. ఈ తీరం వెంబడి నీరు ఎండలు ముదరకముందు ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల వేళ దక్షిణానికి నడుస్తుంది. గుడికి సూటిగా దిగి, బారలు చక్కగానే వేసి, కాసేపటికి తలెత్తి చూస్తే గుడి పక్కకు జరిగి ఉంటుంది. గుడి జరగలేదు. అందుకే కడలి ఈతగాళ్లు కొన్ని బారలకొకసారి మొసలిలా కళ్లు మాత్రం నీటిపైకి తెచ్చి గురుతు చూసుకుంటారు. అడుగున నల్లగీత చూస్తూ పోవడం అలవాటైన మెడకు ఇది పరమ కష్టం. కెరటం కుడినుంచి వస్తే ఊపిరి ఎడమనుంచి తీయాలి. ఒకవైపే నేర్చినవాడికి ఉప్పునీటి పారణ తప్పదు. ఆ ఉప్పే ఒంటిని కాస్త తేల్చుతుందన్నది నిజమే, లీటరుకు పాతిక గ్రాములు బరువెక్కువ గనుక.

అసలు గండం వేరే. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి సన్నని పాయగా లోపలికి పోతుంది. ఆ పాయ మీద అలలు అంతగా విరగవు. నెమ్మదిగా ఉందని కొత్తవాళ్లు అక్కడే దిగుతారు! దానికి ఎదురీది గెలవడం ఒలింపిక్ ఈతగాడికీ గగనమే. ఒడ్డు వెంబడి పక్కకు ఈది తప్పుకోవాలి, చేతకాకుంటే తేలుతూ చెయ్యెత్తాలి. ముప్పై రౌండ్లలో ఈ పాఠం లేదు.

మామా = సంబోధనం. పైకి ప్రశ్న; పక్కన బోటు తెమ్మని వ్యంగ్యం.

పూర్వపక్షం: అట్లయితే కొలను వృథాయేనా? కాదు. నలభై దాటాక హైదరాబాదులో ఈత నేర్చిన గోలి శ్యామల 2021 మార్చిలో తలైమన్నారు నుంచి ధనుష్కోడికి, సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. కుర్రవాడి కొలనులో అది 1,200 పొడవులు. గంటకు రెండు కిలోమీటర్ల పైచిలుకు. గట్టున నడిచేవాడు దాటిపోగల వేగం. 2025 జనవరికల్లా విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లను కొన్ని రోజుల్లో ముగించారు. బార కొలనులోనే కుదురుతుంది. కుదిరిన బారను ఏ నీటిలో, ఏ వేళ, ఎవరి తోడుతో వేయాలో కొలను చెప్పదు.

తాత్పర్యం: మేనమామ గ్లాసు కింద పెట్టి, “నీళ్లు ఎటు లాగతా ఉండాయో చూశావా అబ్బయ్యా?” అన్నాడు. ఇంతకన్న క్లుప్తమైన భాష్యం మాకు దొరకలేదు.

పాఠాంతరం: కుర్రవాడి తల్లి పాఠంలో ‘ఈదలేనా?’ తరువాత “సముద్రం పక్క పోయినావంటే కాళ్లిరగ్గొడతా” అని ఒక వాక్యం అదనంగా ఉంది. ఇది ప్రక్షిప్తమని కుర్రవాడి వాదం. ఈ తీరంలో దొరికే ప్రతి తల్లి పాఠంలోనూ ఈ వాక్యం ఉండటం చేత మేము దీనిని మూలంలోనిదిగానే స్వీకరించాము.